ప్రధానం క్షేమం

తన మొగుడు తనకు ప్రత్యామ్నాయమన్న సంగతి తన్మయికి పెళ్లయిన మూడో నెలలో, ఆఫీసు నోటీసు బోర్డు చూస్తే తెలిసింది.

బోర్డు మీద అంటించిన కాగితంలో రెండు గళ్లున్నాయి. ఎడమ పక్క ‘ప్రధానం’, కుడి పక్క ‘ప్రత్యామ్నాయం’. ప్రధానం కింద తన పేరు, ప్రత్యామ్నాయం కింద సాకేత్ పేరు. అడుగున చిన్న అక్షరాల్లో, “ప్రధానం మరణించినా, మతి తప్పినా, మరే విధంగా అందుబాటులో లేకపోయినా ప్రత్యామ్నాయం తక్షణం ఆ స్థానమును స్వీకరించవలెను” అని ఉంది. తన్మయి సాకేత్‌ని పిలిచి చూపించింది. అతను రెండుసార్లు చదివాడు.

“మతి తప్పడం గురించి వీళ్లకి బెంగ అక్కర్లేదు. నన్ను చేసుకుంటానన్న రోజే తప్పింది కదా,” అన్నాడు.

తన్మయి మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. అప్పటికింకా ఇదంతా ఇద్దరికీ నవ్వులాటగానే ఉంది.

పెదమల్లవరం నీటి పంపిణీ మండలిలో ఒకప్పుడు నీళ్లు వదలాలంటే ఒక మనిషి పొడుగాటి ఇనప రెంచీ భుజాన వేసుకుని సైకిల్ మీద వెళ్లి వాల్వు తిప్పేవాడు. తిప్పడం మరిచిపోతే ఆ వీధి ఆడవాళ్లు అతనింటికి వెళ్లి గుర్తుచేసేవారు. తర్వాత మండలి ఆధునికమైంది. ఊళ్లో ఉన్న వాల్వులన్నిటినీ కంప్యూటర్‌కి తగిలించారు. ఇప్పుడు మేడమీద గదిలో ఉన్న సర్వర్ చెబితేనే ఏ వాల్వయినా తెరుచుకుంటుంది. దానికి జలుబు చేస్తే ఊరంతటికీ దాహమే. ఆ సర్వర్ మాట వినేది ఇద్దరి దగ్గరే. ఒకే గదిలో నాలుగేళ్లపాటు దానితోనూ, ఒకరితో ఒకరూ పోట్లాడి పోట్లాడి తన్మయి, సాకేత్ చివరికి పెళ్లి చేసుకున్నారు. మండలి తరఫున గోడగడియారం చదివించారు.

కొత్త కాపురంలో మొదటి ఆషాఢం నెల్లాళ్లూ తన్మయి ఆనవాయితీ ప్రకారం పుట్టింట్లో ఉంది. శ్రావణం రాగానే తిరిగొచ్చింది. ఇంక ఎడబాటు లేదనుకున్న ఆ శ్రావణంలోనే మండలి కార్యదర్శి కోదండపాణి గారు హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకి వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు మాత్రం భుజాన ఒక సంచీ, మెడలో ఒక కార్డు, నోట్లో ఒక మాట తగిలించుకొచ్చారు. ఆ మాట కొనసాగింపు.

సిబ్బంది అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, “ఇదిగో, భూకంపం వచ్చింది. ఇప్పుడేం చేస్తారు?” అని అడిగారు.

వెనక వరసలో కూర్చున్న అకౌంట్స్ ఆయన, “పరిగెత్తుతాం సార్,” అన్నాడు.

“తప్పు. కొనసాగుతాం,” అన్నారు కోదండపాణి గారు.

అందరూ ఆ మాట డైరీల్లో రాసుకున్నారు. కొనసాగడమెలాగో నేర్పడానికి చక్రధర్ అనే కన్సల్టెంట్ దిగాడు. చెమటలు ధారగా కారిపోతున్నా కోటు విప్పని మనిషి. ఏ ఒక్కటి పోతే దాని వెనకే అన్నీ పోతాయో దాన్ని ‘ఏక వైఫల్య బిందువు’ అంటారని చెప్పి, బిల్డింగంతా తిరిగి అలాంటి బిందువుల్ని ఏరడం మొదలెట్టాడు. ఆఫీసు గంట ఒక్కటే ఉందని రెండోది కొన్నారు. టీ కాచేవాడు ఒక్కడే ఉన్నాడని ఎదురు కొట్టువాడితో ఒప్పందం రాయించారు. కార్యదర్శి గదిలో వెంకటేశ్వరస్వామి పటం ఒక్కటే ఉందని పక్కన ఆంజనేయస్వామిని తగిలించారు. ఇద్దరిలో ఎవరు ప్రధానమో, ఎవరు ప్రత్యామ్నాయమో రాయడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలలేదు.

అలా ఏరుతూ ఏరుతూ ఒక పొద్దున చక్రధర్ గేటు దగ్గర నిలబడి ఉండగా, తన్మయి, సాకేత్ ఒకే స్కూటర్ మీద వచ్చి దిగారు. ఆయన మొహం పాలిపోయింది.

“వీళ్లు రోజూ ఇలాగే వస్తారా?” అని వాచ్‌మన్‌ని అడిగాడు.

“మొగుడూ పెళ్లాలు కదండీ.”

“అది కాదయ్యా! ప్రధానం, ప్రత్యామ్నాయం ఒకే స్కూటర్ మీదా? ఏ లారీయో గుద్దితే?”

“పొద్దున్నే అయేం మాటలండీ బాబూ,” అని వాచ్‌మన్ లెంపలేసుకున్నాడు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. ప్రధానం, ప్రత్యామ్నాయం ఒకే వాహనంలో ప్రయాణించరాదు. ఒకే లిఫ్టు ఎక్కరాదు. ఒకే పాత్రలో వండిన ఆహారం భుజించరాదు. మండలి భవనానికి లిఫ్టు లేదు. ముందుముందు పెడితే వెతుక్కోకుండా ఉంటుందని ఆ వాక్యం ఉంచారు.

ఉద్యోగం కదా అని ఇద్దరూ సర్దుకున్నారు. తన్మయి సిటీ బస్సెక్కింది, సాకేత్ ఆ బస్సు వెనకాలే స్కూటర్ మీద వచ్చాడు. బస్సు అద్దంలోంచి ఇద్దరూ నవ్వుకోవడం ఎవరో చూసి చెప్పారు. అతన్ని వేరే రోడ్డున రమ్మన్నారు. ఇంట్లో అత్తగారు సత్యవాణి గారు పొద్దున్నే రెండు కుక్కర్లు పెట్టాల్సి వచ్చింది.

“మీ ఆఫీసులో వదిలేది నీళ్లేనా, రాకెట్లా?” అని ఆవిడ కోడల్ని అడిగింది.

ఇంతలో చక్రధర్ ‘గృహ ముప్పు మదింపు’ అంటూ ఒకరోజు ఇంటికే వచ్చేశాడు. చెప్పులు విడిచి, కోటు విడవకుండా గదిగదీ తిరిగాడు.

“గ్యాస్ సిలిండర్ ఎన్ని?”

“రెండు,” అంది సత్యవాణి గారు గర్వంగా.

“బాగుంది. పైకప్పులు?”

“పైకప్పు ఒక్కటే బాబూ. మేం మధ్యతరగతి వాళ్లం.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. పడకగది గుమ్మం దగ్గర ఆగి లోపల ఉన్న ఒకే ఒక డబుల్ కాట్ వంక చాలాసేపు చూసి, ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో చెప్పలేదు. కాఫీ తాగి, చాలా బాగుందని మెచ్చుకుని వెళ్లిపోయాడు.

దీపావళి వెళ్లగానే రెండో ఉత్తర్వు వచ్చింది. ప్రధానం, ప్రత్యామ్నాయం ఒకే కప్పు కింద, ఒకే ఊళ్లో, ఒకే తుఫాను దారిలో నివసించరాదు. కాబట్టి సాకేత్‌ని కొండల్లో కొత్తగా కట్టిన దుబ్బగూడెం ప్రత్యామ్నాయ కేంద్రానికి మార్చారు. అనుమతి లేకుండా అతను పెదమల్లవరం పొలిమేర దాటి లోపలికి రాకూడదు. తన్మయి అటు వెళ్లకూడదు.

తన్మయి ఆ కాగితం పట్టుకుని తిన్నగా కార్యదర్శి గదిలోకి వెళ్లింది.

“సార్, మాకు పెళ్లయి ఆర్నెల్లు. అందులో ఆషాఢం ఒకటి పోయింది.”

కోదండపాణి గారు నొచ్చుకున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఇంకొకళ్ల కష్టం వింటే నిజంగానే కళ్లు చెమ్మగిల్లుతాయి, ఆ కళ్లతోనే సంతకం పెడతారు.

“చూడమ్మా, మీ వైవాహిక జీవితం పట్ల మండలికి అపారమైన గౌరవం ఉంది. అందుచేతనే దాన్ని రెండు వేర్వేరు చోట్ల భద్రపరుస్తున్నాం.”

“మూడో మనిషికి పని నేర్పిస్తాను సార్. అతన్ని పంపండి.”

“కొత్త పోస్టు ప్రభుత్వం మంజూరు చెయ్యాలి. ఫైలు వెళ్లింది.”

“పోనీ, నేను రాజీనామా చేస్తాను.”

కోదండపాణి గారు బల్ల మీదున్న లావాటి ప్రణాళిక తెరిచి, వేలు పెట్టి చూపించారు. భూకంపం, తుఫాను, అగ్నిప్రమాదం తర్వాత నాలుగో విపత్తు ‘కీలక వ్యక్తి రాజీనామా’. విపత్తును ఆహ్వానించే అధికారం తనకు లేదన్నారు. తన్మయి ఆ పుస్తకం ఒకసారి ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటానని అడిగింది. ఆయన సంతోషంగా ఇచ్చారు. అంతకుముందు దాన్ని ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి సాకేత్ సూట్‌కేసు సర్దుతుంటే సత్యవాణి గారు గుమ్మంలో నిలబడి దులిపేసింది.

“ఆషాఢంలో కొత్త కోడలు, అత్తా ఒక గడప దాటకూడదన్నారు గనక నెల్లాళ్లు ఓర్చుకున్నాం. నెలైతే ఆ నెల దానంతటదే పోయింది. మీ మండలి వాళ్ల ఆషాఢం ఎప్పుడు పోతుందిరా?”

“సమీక్ష ఉంటుందన్నారమ్మా.”

“సమీక్షా వద్దు, గిమీక్షా వద్దు. వాడెవడో కోటువాడికి నేను కాఫీ కూడా ఇచ్చాను,” అని ఆవిడ కళ్లొత్తుకుంది.

దుబ్బగూడెం కేంద్రం దేవుడి గుడిలా ఉంది. చలవరాతి నేల, ప్రతి గదిలో ఏసీ, రెండు జనరేటర్లు, కవరు విప్పని కుర్చీలు. ఉన్నది సాకేత్, ఒక వాచ్‌మన్, చుట్టుపక్కల మేకలు. పెదమల్లవరంలో వర్షానికి సర్వర్ గదిలో బకెట్టు పెట్టుకునే సిబ్బంది ఆ ఫొటోలు చూసి, విపత్తు ఎప్పుడొస్తుందా, అందరం అక్కడికి ఎప్పుడు పోతామా అని ఉవ్విళ్లూరారు. అక్కడ సాకేత్ మాత్రం ఏ పనీ చెయ్యకూడదు. అతను ఏదైనా పని చేస్తే ఆ పనికి అతను కీలకమవుతాడు. కీలకమైతే అతనికో ప్రత్యామ్నాయం కావాలి. అందుకని రోజంతా సిద్ధంగా కూర్చోవాలి. అతను సిద్ధంగా కూర్చుని కూర్చుని వాచ్‌మన్ దగ్గర చేపల పులుసు పెట్టడం నేర్చుకున్నాడు.

అక్కడ సెల్‌ఫోన్ సిగ్నల్ లేదు. ఉన్నది మండలి లైనొక్కటే, అందులో మాట్లాడిన ప్రతి మాటా రికార్డవుతుంది. రోజుకి రెండుసార్లు ‘సంసిద్ధతా సంభాషణ’ చెయ్యాలి. అందులో ఏం మాట్లాడాలో అచ్చువేసి ఇచ్చారు.

“ప్రధానం క్షేమమా?” అనేవాడు సాకేత్.

“ప్రధానం క్షేమం. ప్రత్యామ్నాయం క్షేమమా?”

“ప్రత్యామ్నాయం క్షేమం.”

అంతే. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. కానీ ఆ ముక్కల్లోనే ఇద్దరూ కాపురం చేశారు. ‘క్షేమమా’ అన్న మాటని సాకేత్ ఎంత సేపు సాగదీస్తే అంత బెంగ పెట్టుకున్నాడని తన్మయికి తెలిసేది. ఒకరోజు ఆమెకి ఒళ్లు కాలిపోతూ జ్వరం. “ప్రధానం... క్షేమం,” అంది. అవతల అతను, “ప్రధానం క్షేమమా?” అని మళ్లీ అడిగాడు. అలా రెండోసారి అడగడం నిబంధనలకు విరుద్ధమని అతని సంజాయిషీ కోరారు. తన్మయి ఆ రోజు ఫోన్ పెట్టేసి సర్వర్ గదిలో తలుపేసుకుని ఏడ్చింది.

సంక్రాంతి వెళ్లాక చక్రధర్ మళ్లీ వచ్చాడు. ఈసారి కొనసాగింపు కోసం కాదు, భద్రత కోసం. సర్వర్ పాస్‌వర్డ్ మొత్తం ఒక మనిషి చేతిలో ఉండకూడదట. రెండు ముక్కలు చెయ్యాలి. ఒక ముక్క ప్రధానానికి, ఒక ముక్క ప్రత్యామ్నాయానికి. సర్వర్ ఆగిపోతే ఇద్దరూ దాని ఎదుటికి స్వయంగా వచ్చి, వేలిముద్ర వేసి, ఒకరి తర్వాత ఒకరు తమ ముక్క కొట్టాలి. ఫోన్లో చెప్పుకోవడం నేరం. పనిని దుబ్బగూడెం యంత్రాలకి మళ్లించాలన్నా పద్ధతి అదే.

తన్మయి ఆ ఉత్తర్వు చూసి, గబగబా మెట్లు దిగి కార్యదర్శి దగ్గరికి వెళ్లింది.

“సార్, సర్వర్ ఆగితే మేమిద్దరం ఒకేచోట ఉండాలని ఇందులో ఉంది. మేమిద్దరం ఎప్పుడూ ఒకేచోట ఉండకూడదని అందులో ఉంది.”

“అది కొనసాగింపు కమిటీ ఉత్తర్వమ్మా. ఇది భద్రతా కమిటీ ఉత్తర్వు.”

“రెండు కమిటీలకీ అధ్యక్షులు మీరే కదా సార్?”

“అధ్యక్షుణ్ణి నేనే. కానీ నేను ఒక కమిటీలో ఉన్నప్పుడు రెండో కమిటీ పనుల్లో వేలు పెట్టను,” అన్నారు కోదండపాణి గారు హుందాగా.

నిజాయితీపరుడు కనక, ఆ సాయంత్రమే కొనసాగింపు కమిటీ అధ్యక్షుడి హోదాలో భద్రతా కమిటీ అధ్యక్షుడికి లేఖ రాశారు. పది రోజులు జవాబు రాకపోయేసరికి ఘాటుగా ఇంకొకటి రాశారు. దానికి భద్రతా కమిటీ నుంచి, “మీ లేఖ స్వరం ఆక్షేపణీయంగా ఉన్నది” అని ఆయన సంతకంతోనే జవాబు వచ్చింది. ఆ రోజు ఆయన మధ్యాహ్నం భోజనం కూడా సరిగా చెయ్యలేదు.

ఎండలు ముదిరాయి. మండలి ‘కొనసాగింపు వారోత్సవాలు’ తలపెట్టింది. గేటుకి మామిడి తోరణాలు కట్టారు, ఫ్లెక్సీలు వేశారు. ప్రారంభం సర్వర్ గదిలో. సర్వర్‌కి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. పొద్దుటి నీళ్లు ఇంకా వదల్లేదు. ముందు పూజ, తర్వాత నీళ్లు అన్నారు కోదండపాణి గారు. పట్టు కండువా సర్దుకుని, సర్వర్ పాదాల దగ్గర పెట్టిన రాయి ముందు గొంతుక్కూర్చుని కొబ్బరికాయ ఎత్తారు.

“సార్, ఆ రాయి పక్కనే కరెంటు ఎక్స్‌టెన్షన్ బోర్డుంది,” అంది తన్మయి.

“శుభమా అని కొడుతుంటే అడ్డు చెప్పకమ్మా.”

కాయ సరిగ్గా రెండు చెక్కలైంది. నీళ్లు సగం పళ్లెంలో, సగం ఎక్స్‌టెన్షన్ బోర్డులో పడ్డాయి. ఫట్‌మని మెరుపు మెరిసి, గదిలో దీపాలన్నీ ఆరిపోయాయి. సర్వర్ చివరిగా ఒక మూలుగు మూలిగి ఊరుకుంది. అది డ్రిల్లు కాబోలనుకుని సిబ్బంది చప్పట్లు కొట్టారు.

తన్మయి కొత్త బోర్డు తగిలించి సర్వర్ ఆన్ చేసింది. తెర మీద రెండు గళ్లు వచ్చాయి. ప్రధానం ముక్క, ప్రత్యామ్నాయం ముక్క. అవి నిండేదాకా ఊళ్లో ఒక్క వాల్వూ తెరుచుకోదు.

పదింటికల్లా గేటు ముందు బిందెలు బారులు తీరాయి. పదకొండింటికి ఆ బిందెలు మోగడం మొదలైంది. లోపల రెండు కమిటీల సంయుక్త సమావేశం జరుగుతోంది. బల్లకి ఆ చివర ఒక కుర్చీ, ఈ చివర ఒక కుర్చీ. కోదండపాణి గారు ఆ కుర్చీలో కూర్చుని, “ఇద్దరూ కలిసి తీరాలి,” అన్నారు. లేచి వచ్చి ఈ కుర్చీలో కూర్చుని, “కలవడానికి వీల్లేదు,” అన్నారు. “మరి నీళ్లో?” అని అటు నుంచి అడిగారు. “ప్రాణాలు ముఖ్యమా, నీళ్లు ముఖ్యమా?” అని ఇటు నుంచి దబాయించారు. నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాక ఆయాసపడి, తాగడానికి మంచినీళ్లు తెమ్మన్నారు. నీళ్లు లేవన్నారు. అప్పుడే ఇంటి నుంచి వాళ్లావిడ ఫోన్ చేసింది. ఆవిడ ఏమందో ఎవరికీ వినపడలేదు గానీ, ఆయన నిలబడి విన్నారు.

ఆఖరికి చక్రధర్‌కి ఫోన్ కలిపారు. ఆయన కాసేపు ఆలోచించి తేల్చాడు. “ప్రధానం, ప్రత్యామ్నాయం కలవకూడదన్నది విపత్తు రాకుండా చేసిన నిబంధన. విపత్తు ఆల్రెడీ వచ్చేసింది గనక ఆ నిబంధన వర్తించదు. విపత్తులో మాత్రం వాళ్లు కలవొచ్చు.”

సాకేత్‌ని తీసుకుని జీపు వచ్చేసరికి మూడు దాటింది. ఎండకి నల్లబడ్డాడు, గడ్డం పెరిగింది. సర్వర్ గది గుమ్మంలో నిలబడి తన్మయిని చూశాడు. చుట్టూ రెండు కమిటీలూ ఉన్నాయి, కిటికీ బయట బిందెలు మోగుతున్నాయి.

“ప్రధానం క్షేమమా?” అన్నాడు.

తన్మయి అచ్చువేసిన జవాబు చెప్పలేకపోయింది. ఐదు నెలల బెంగా ఒక్కసారి కళ్లలోకి వచ్చేసింది. అందరి ముందూ అతని చొక్కా పట్టుకుని ఏడ్చేసింది. కోదండపాణి గారికి కూడా కళ్లు చెమ్మగిల్లాయి. తర్వాత ఇద్దరూ చెరో ముక్కా కొట్టారు. వీధి చివర కుళాయిలో ముందు గాలి బుసకొట్టింది, తర్వాత నీళ్లు దూకాయి.

“శభాష్! జీపు సిద్ధంగా ఉంది. సాకేత్, బయల్దేరు,” అన్నారు కార్యదర్శి గారు.

తన్మయి కళ్లు తుడుచుకుని సంచీలోంచి లావాటి పుస్తకం తీసింది. మండలి మొత్తం మీద ఆ ప్రణాళిక ఆసాంతం చదివింది ఆమె ఒక్కతే.

“పునరుద్ధరణ అధ్యాయం చూడండి సార్. విపత్తు తీరాక పరిశీలన కాలం రెండు రోజులు. ఆ రెండు రోజులూ ఇద్దరూ ప్రధాన కేంద్రంలోనే ఉండవలెను.”

కోదండపాణి గారు చదివారు. ‘ఉండవలెను’ అనే ఉంది. ప్రణాళికలో రాసి ఉన్నదాన్ని కాదనే అలవాటు ఆయనకు లేదు. ఆ సాయంత్రం సత్యవాణి గారు ఒకే కుక్కర్ పెట్టింది.

రెండు రోజుల తర్వాత జీపు వచ్చి సాకేత్‌ని తీసుకుపోయింది. తన్మయి ఆ రాత్రి నిద్రపోకుండా ఆలోచించి, పొద్దున్నే వెళ్లి కార్యదర్శి గారిని కలిసింది.

“సార్, సర్వర్‌కి ఏదో గ్రహదోషం ఉన్నట్టుంది. ప్రతి శనివారం దానికి కొబ్బరికాయ కొడితే మంచిదేమో.”

కోదండపాణి గారి మొహం విప్పారింది. ఇన్నాళ్లకి సిబ్బందిలో ఒకరు తనంతట తాను కొనసాగింపు గురించి ఆలోచించారు. ‘విపత్తు నివారణార్థం వారాంతపు శాంతి ప్రక్రియ’ అని వెంటనే ఉత్తర్వు వేశారు. కాయ తానే కొడతానన్నారు. తన్మయి ముహూర్తం మాత్రం పొద్దుటి నీళ్లన్నీ వదిలి, ట్యాంకులు నిండాక పెట్టించింది. ఊరివాళ్ల గొంతెండబెట్టి కాపురం చేసుకునే మనిషి కాదు ఆమె.

శనివారం వచ్చింది. కార్యదర్శి గారు కాయ కొట్టారు. ఫట్. జీపు దుబ్బగూడెం బయల్దేరింది. పరిశీలన కాలం రెండు రోజులు. ఆ పై శనివారం కూడా అంతే. ఆ ఎక్స్‌టెన్షన్ బోర్డుని జానెడు పైకి గోడకి బిగిస్తే సరిపోతుంది. అది ఎవరూ అడగలేదు గనక తన్మయి చెప్పలేదు. విపత్తు నుంచి తేరుకోవడమే కమిటీ పని, అది ఎందుకొచ్చిందో వెతకడం కమిటీ పరిధిలోకి రాదు.

మూడు నెలలయ్యేసరికి మండలి పేరు మోగిపోయింది. రాష్ట్రంలో ఏ సంస్థా ఇన్ని విపత్తుల్ని ఇంత క్రమశిక్షణతో ఎదుర్కోలేదని చక్రధర్ నివేదిక రాశాడు. పక్క జిల్లాల వాళ్లు చూడ్డానికి వచ్చారు. శనివారం విపత్తుని ఆఫీసు క్యాలెండర్‌లో అచ్చు వేయించారు. పండగ వల్ల ఒక వారం విపత్తు రద్దయితే ఆదివారం నాడు భర్తీ చేశారు. కోదండపాణి గారు వేదికల మీద, “నేను స్వయంగా నా చేతుల్తో శాంతి చేస్తున్నా విపత్తు వస్తూనే ఉంది. అయినా మేం కొనసాగుతున్నాం,” అని చెబితే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మళ్లీ శ్రావణం వచ్చేసరికి తన్మయికి నాలుగో నెల. సాకేత్ వారానికి రెండు రోజులే ఉంటాడు. తక్కిన ఐదు రోజులూ వాంతులకి నుదురు పట్టుకునేది అత్తగారే. ఇలా ఎన్నాళ్లని తన్మయికి భయమేసింది. స్కానింగ్ కాగితం తీసుకుని కార్యదర్శి గదికి వెళ్లింది. ఆ పూట చక్రధర్ కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు.

“సార్, ప్రసూతి సెలవు కావాలి. అప్పటిదాకా సాకేత్‌ని ఇక్కడికి మార్చాలి.”

కోదండపాణి గారు స్కానింగ్ అందుకుని కళ్లజోడు పెట్టుకున్నారు. తెల్లగా రెండు గింజలు కనపడుతున్నాయి.

“ఇదేమిటమ్మా, ఇద్దరా?”

“కవలలన్నారు సార్.”

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆనందం పట్టలేకపోయారు. “చూశారా చక్రధర్ గారూ! మన సిబ్బంది ఎంతగా ఒంటబట్టించుకున్నారో చూశారా! ఒకటి ప్రధానం, ఒకటి ప్రత్యామ్నాయం!”

చక్రధర్ ఆ కాగితం తీసుకుని చూశాడు. ఆయన మొహం పాలిపోయింది.

“కానీ సార్... రెండూ ఒకేచోట ఉన్నాయి.”

కోదండపాణి గారు స్కానింగ్‌ని వెలుతురుకి పట్టి ఒకసారి, తిప్పి ఒకసారి చూశారు. ప్రధానానికీ ప్రత్యామ్నాయానికీ మధ్య వేలెడు దూరం కూడా లేదు.

“ఎన్నాళ్లు ఇలా ఉంటాయమ్మా?” అన్నారు హీనస్వరంతో.

“ఇంకో ఐదు నెలలు సార్.”

“వేరు చెయ్యడానికి...”

“వీలు కాదు సార్,” అంది తన్మయి. ఆమెకి కోపం నషాళానికంటింది, అయినా గొంతు పెంచలేదు. ఆఫీసు మర్యాదలు ఆమెకూ తెలుసు. “ప్రభుత్వ డాక్టరు గారు చూసి, ఇద్దరూ క్షేమమని సంతకం పెట్టారు. ఒకేచోట ఉండి కూడా ప్రధానం, ప్రత్యామ్నాయం క్షేమంగా ఉన్నట్టు ఇది పూర్వోదాహరణ. నిబంధన ఉందని మీరు అనుకుంటే మీరే వాళ్లకి ఉత్తర్వు వెయ్యండి. తీసుకోడానికి వాళ్లకి ఇంకా చేతులు రాలేదు.”

పూర్వోదాహరణ అన్న మాట వినగానే కోదండపాణి గారి వెన్ను నిటారైంది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయన దేవుణ్ణయినా కాదన్నారేమో గానీ పూర్వోదాహరణని కాదనలేదు. చక్రధర్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు. కలం తీసి రాశారు. “మండలి ఉద్యోగిని పర్యవేక్షణలో ప్రధానం, ప్రత్యామ్నాయం ఒకేచోట సురక్షితముగా ఉన్నట్లు పూర్వోదాహరణ కలదు గనుక, సాకేత్‌ను పెదమల్లవరమునకు మార్చడమైనది.” చదువుకుని, తృప్తి చాలక, కింద ఇంకో వాక్యం చేర్చారు. “ప్రసవము వరకు మాత్రమే. తదుపరి పరిస్థితి సమీక్షించబడును.”

ఆ వారాంతంలో సాకేత్ సూట్‌కేసుతో సహా వచ్చేశాడు. సోమవారం సాయంత్రం ఇద్దరూ ఆఫీసు గేటు దగ్గర ఒకే స్కూటర్ ఎక్కారు. వాచ్‌మన్ చూసి దణ్ణం పెట్టాడు. తన్మయి సాకేత్ భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. ఏడాదయింది ఆ భుజం మీద చెయ్యి వేసుకుని ఆ రోడ్డు మీద వెళ్లి.

మార్కెట్ మలుపులో అతని వీపు మీద తట్టింది.

“ఆపు. కొబ్బరికాయలు కొనాలి.”

“ఎందుకు? నేను వచ్చేశాను కదా. ఇంక శనివారం విపత్తు లేకపోతే ఏం?”

“ఇప్పటికి కాదు. ఇంట్లో దాచిపెడదాం. రెండు తీసుకో,” అంది తన్మయి. “పీచు తియ్యొద్దని చెప్పు. ప్రసవం దాకా నిలవుండాలి.”